మా తరగతి గోల గురించి: విద్యాధికారులకు ఒక బహిరంగ లేఖ

మండల, జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో ప్రాథమిక విద్యను నడిపిస్తున్న గౌరవనీయ అధికారులకు,

నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఇరవై ఏళ్ల పైచిలుకు సర్వీసు. ఇక్కడ రాస్తున్నది పిల్లల చేత జట్లుగా పని చేయించడం గురించి. ఈ విషయం మొదట కాంప్లెక్స్ సమావేశంలో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే చోట, నోటితో చెప్పాను. తర్వాత మా హెడ్‌మాస్టరుగారి ద్వారా అర్జీ పెట్టాను. మూడోసారి రిజిస్టరు పోస్టులో పంపాను. ‘కుదరదు’ అన్న ఒక్క ముక్క కూడా రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఎవరి పేరూ చెప్పను, ఎవరి మీదా చర్య తీసుకోమని అడగను.

ముందు జరిగింది చెబుతాను.

మాది ఇద్దరు టీచర్ల బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా చేతిలో ఉంటాయి. 24 మంది పిల్లలు, నలుగురేసి ఆరు జట్లు. తరగతులు కలిపే జట్లు వేశాను. ఒక గురువారం పొద్దున్న హాజరు వేశాక బోర్డు మీద ఒక లెక్క రాశాను: ‘ఈరోజు బడిలో అన్ని తరగతులూ కలిపి 43 మంది ఉన్నారు. భోజనానికి ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం. వంట చేసే పెద్దమ్మ ఎన్ని డబ్బాలు కొలవాలి?’

మొదటి సగం అందరూ చేసేశారు. 4 కిలోల 300 గ్రాములు. చిక్కంతా డబ్బా దగ్గర వచ్చింది. పెద్దమ్మ దగ్గర ఉన్నది పాత పాలపొడి డబ్బా. దాంట్లో ఎన్ని గ్రాములు పడతాయో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. బడిలో కాటా లేదు.

ఒక జట్టు లీటరు నీళ్ల సీసా తెచ్చి డబ్బాలో పోసింది. సరిగ్గా నిండింది. ‘లీటరంటే కిలో, కాబట్టి డబ్బా అంటే కిలో, నాలుగు డబ్బాలూ ఇంకో కొంచెం చాలు టీచర్’ అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. పక్క జట్టు ఒప్పుకోలేదు. ‘నీళ్లు కిలో అయితే బియ్యం కూడా కిలో అవ్వాలా?’ అని ఒకడు లేచాడు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు నాలుగో తరగతి పాప ఒకత్తి, రెండు లైన్లు తడుముకోకుండా చదవలేని పాప, ‘కాటా కట్టుకుందాం టీచర్’ అంది. వాళ్ల నాన్న సైకిల్ మీద కూరగాయలు అమ్ముతాడు. తనే వంటగదిలోకి పరిగెత్తి కిలో ఉప్పు ప్యాకెట్ పట్టుకొచ్చింది. మీటరు స్కేలుకి సరిగ్గా 50 అంకె దగ్గర తాడు కట్టి కిటికీ ఊచకి వేలాడదీశారు. రెండు చివర్లా రెండు క్యారీబ్యాగులు. ఒకవైపు ఉప్పు, ఒకవైపు డబ్బా నిండా బియ్యం. స్కేలు ఉప్పు వైపే మొగ్గింది. దోసెడు, ఇంకో దోసెడు వేస్తూ పోయారు. పావు డబ్బా పోశాక స్కేలు నిలబడింది. డబ్బాంపావు అంటే కిలో. అంటే డబ్బాకి 800 గ్రాములు. ఐదు డబ్బాలు పోసి, పైన ఇంకో 300 గ్రాములు పోయాలి.

నీళ్ల సీసా జట్టులో ఒక పిల్లాడు తనంతట తానే కూర్చుని లెక్క వేసి, ‘మా లెక్కతో వండితే ఎనిమిది మందికి అన్నం ఉండేది కాదురా’ అన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్దమ్మ నవ్వింది. ‘నేను రోజూ అయిదున్నర పోస్తానమ్మా, చెయ్యి చెబుతుంది’ అంది.

సరిగ్గా ఆ సమయానికి తనిఖీకి వచ్చిన అధికారి లోపలికి అడుగుపెట్టారు. నేల మీద బియ్యం గింజలు, కిటికీకి వేలాడుతున్న సంచులు, చోట్లలో లేని పిల్లలు, చెవులు పగిలే గోల. ‘ఇది బడా, సంతా?’ అన్నారు. వర్క్‌బుక్కులు తెమ్మన్నారు. ఆ వారం పేజీలు మూడు దిద్దకుండా ఉన్నాయి, అది నిజమే. ‘తరగతి నిర్వహణలో క్రమశిక్షణ లోపించింది, వర్క్‌బుక్కులు వెనకబడ్డాయి’ అని రాసి వెళ్లారు. కిటికీకి వేలాడుతున్నది ఏమిటని అడగలేదు. పిల్లల్ని కూడా ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి వరుసల్లో కూర్చోబెట్టమని ఫోన్లో మళ్లీ చెప్పించారు.

ఆయనది పూర్తిగా తప్పని నేననను. ఆయన చేతిలోని ఫారంలో ఉన్న గడులు అవే. దిద్దిన పేజీలు, హాజరు, యాప్‌లో అప్‌లోడ్లు. నలుగురు పిల్లలు కలిసి ఒక చిక్కు విప్పారా లేదా అన్న గడి ఆ ఫారంలో లేదు. నా గొడవంతా ఆ లేని గడి గురించే.

ఎందుకంటే మిగతా కాగితాలన్నిటిలోనూ జట్టు పని ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుక్కుంటూ నేర్చుకోవాలంటుంది. పాఠ్యపుస్తకాల్లో ‘జట్టులో చర్చించండి’ అని ఉంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది మధ్యమధ్యలో పిల్లల చదువును అంచనా వేసే పద్ధతిలో, ప్రాజెక్టు పని ఒక సాధనం, దానికి మార్కులున్నాయి, ఆ మార్కులు మేం వేస్తున్నాం. ఎలా వేస్తున్నామో మీకూ తెలుసు. మీరూ ఒకప్పుడు ఈ నల్లబల్ల ముందు నిలబడ్డవాళ్లే.

ఇది కొత్తగా దిగుమతి అయిన సంగతి కూడా కాదు. నేను చేరినప్పటి మా మొదటి హెడ్‌మాస్టరుగారు ఏపీపీఈపీ ట్రైనింగ్ తీసుకున్న మనిషి. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం అది. దానికి ఆరు సూత్రాలు. ఆయన వాటిని ఎక్కాల్లా అప్పజెప్పేవారు. అందులో ఒకటి, పిల్లల చేత విడివిడిగా, జట్టుగా, తరగతి మొత్తంగా, మూడు రకాలుగానూ పని చేయించడం. ఇంకొకటి, ఊళ్లో చుట్టుపక్కల ఉన్నదాన్నే పాఠానికి వాడుకోవడం. నలభై ఏళ్ల కిందట మన టీచర్లకు నేర్పినదాన్ని ఇవాళ చేస్తే క్రమశిక్షణ లోపం అయింది.

జట్టు పని లేకపోతే ఏం పోయింది, వరుసల్లో కూర్చుని చదువుకున్నవాళ్లు బాగుపడలేదా అని అడగవచ్చు. పోతున్నదేమిటో, ఎవరికి పోతున్నదో కింద రాస్తున్నాను.

1. కాటా కట్టిన ఆ పాప సంగతి ముందు. వరుసల్లో ఆమె చివరి వరుస. నేను చదవమంటే తల దించుకుంటుంది. ఆమెకు వచ్చినవి తూకం, చిల్లర, బేరం. మన పరీక్ష కాగితంలో వాటికి చోటు లేదు. నాలుగేళ్లుగా ఆమె నోరు విప్పింది జట్టులోనే. ఆ గురువారం తర్వాత పది రోజుల పాటు పక్క పిల్లలు ఆమెను తమ జట్టులోకి రమ్మని పోటీపడ్డారు. అదే ఊపులో, జట్టులో ‘చదివేవాళ్ల’ వంతు తనకు వచ్చినప్పుడు ప్రశ్నను ముందురోజే ఇంటికి తీసుకెళ్లి అన్నతో చదివించుకుని వచ్చింది. వరుసలు మళ్లీ వచ్చాక తల మళ్లీ దిగిపోయింది. ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు ‘మా పిల్లకి చదువు అబ్బలేదు టీచర్’ అంటారు. ఆ మాట ఇంట్లో ఒకసారి ఖాయమైతే మిరప కోతల సీజన్లో ఆ పిల్ల బడికి రాదు. హాజరు పట్టీలో అది మీకు ‘గైర్హాజరు’గానే కనిపిస్తుంది.

2. బడిలో చేయించని ప్రాజెక్టు ఇంటికి వెళుతుంది. ఇంట్లో చేసేది ఎవరు? పొద్దంతా కూలికి వెళ్లొచ్చిన తల్లి రాత్రి ఎనిమిదింటికి చార్టు కోసం అంగడికి పరిగెడుతుంది. టౌన్లో అయితే ఫ్యాన్సీ షాపుల్లో రెడీమేడ్ ప్రింటవుట్లు, థర్మాకోల్ బొమ్మలు దొరుకుతాయి. కొనగలిగిన ఇంటి పిల్లాడికి మార్కులు ఎక్కువ పడతాయి. ఇది మార్కుల్లో అబద్ధం, పైగా పేదవాడి జేబుకి చిల్లు.

3. ఒక్క టీచరున్న బడులు. బడుల వివరాలతో కేంద్రం వేసే యూడైస్ లెక్కల్లో, 2024-25కి, దేశం మొత్తంలో ఏకోపాధ్యాయ బడులు ఎక్కువ ఉన్న రాష్ట్రం మనదే, 12,912. ఐదు తరగతులకు ఒక మనిషి. రెండో తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ ‘చేతులు కట్టుకుని నోటి మీద వేలు’. మా బడిలో కూడా హెడ్‌మాస్టరుగారు మీటింగుకు వెళ్లిన రోజు ఇదే పరిస్థితి, ఆ రోజులు తక్కువేమీ కాదు. ఇలాంటి చోట పిల్లలు ఒకరికొకరు నేర్పుకోవడం తప్ప వేరే దారి ఏముంది? దానికి మన దగ్గరే నమూనా ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డులూ, నిచ్చెనలాంటి మెట్ల పట్టికా తయారుచేశారు. పిల్లలు ఏ మెట్టు మీదున్నారో దాన్ని బట్టి జట్లలో కూర్చుంటారు. టీచరు సాయం బాగా కావలసిన జట్టు, తోటి పిల్లలే సాయపడే జట్టు, సొంతంగా చేసుకునే జట్టు, ఇలా. తమిళనాడు వాళ్లు వచ్చి చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు, తర్వాత రాష్ట్రమంతా పెట్టుకున్నారు. మనకూ అలాంటివే స్నేహబాల కార్డులని వచ్చాయి. నేను చూసిన రెండు మూడు బడుల్లో అవి బీరువాలో ఉన్నాయి, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

4. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. జట్లు వేసిన మొదటి నెలలో ఒక తండ్రి వచ్చి, ‘మావాణ్ణి ఆ పిల్లల పక్కనుంచి మార్చండి’ అన్నాడు. ఆ పిల్లలంటే ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. నేను మార్చలేదు. వరుసల్లో అయితే ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చుంటారు, ఊళ్లో వీధులు ఎలా ఉన్నాయో తరగతిలో వరుసలూ అలాగే అవుతాయి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడిలో కలిపినప్పుడు గొడవలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త అక్కడ ఒక పద్ధతి పెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. పక్కవాడి దగ్గరున్న ముక్క వినకపోతే ఎవరికీ పాఠం పూర్తికాదు. మా బడిలో నేను చేసింది అంత గొప్ప పద్ధతేమీ కాదు. కానీ ఆ తండ్రి కొడుకు, ఏ పిల్లల పక్క వద్దన్నాడో వాళ్లతోనే ఇప్పుడు గోళీలు ఆడుతున్నాడు. వరుసలు వేయమని మీరు పంపిన మాట ఊళ్లో ఆ తండ్రి చెవిలోనూ పడింది. ‘చూశారా టీచర్’ అన్నట్టు నవ్వాడు. తనిఖీలో రాసిన మాట కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

5. మిగతా టీచర్లు. మా మండలంలో జట్టు పని చేయించే మరో ఇద్దరు ఈ సంగతి విని మానేశారు. ఎవరికి కావాలి ఈ టెన్షన్?

ఇక మీవైపు నుంచి వచ్చే మాటలకు కూడా జవాబు చెప్పాలి. ‘చదవడమే రాని పిల్లలకు జట్టు పనులు దేనికమ్మా, ముందు చదవడం నేర్పండి’ అంటారు. ఆ బాధ నాదీ. పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. నలుగురిలో ఒక్కరు కూడా కాదు. 24 మందిని ఒక్కొక్కరిగా చదివించాలంటే నాకు 40 నిమిషాల పీరియడ్‌లో మనిషికి రెండు నిమిషాలు కూడా రావు. జట్టులో అయితే ఒకేసారి ఆరుగురు చదువుతూ ఉంటారు, పద్దెనిమిది మంది వింటూ, తప్పు దిద్దుతూ ఉంటారు. ఈ రెండు పనులకూ పోటీ పెట్టి చూడటంలోనే పొరపాటు ఉంది.

రెండో మాట, ‘జట్టులో ఒక్కడే చేస్తాడు, మిగతావాళ్లు చూస్తారు’. ఇది నూటికి నూరు పాళ్లు నిజం, నేనే సాక్షిని. మొదటి ఏడాది నేను వేసినవి జట్లు కావు, గుంపులు. ఎనిమిదేసి మందిని గుండ్రంగా కూర్చోబెట్టి చర్చించండర్రా అన్నాను. తెలివైనవాడు రాశాడు, ఇద్దరు కొట్టుకున్నారు, మిగతావాళ్లు కిటికీలోంచి మేకల్ని చూశారు. తర్వాత తెలిసొచ్చింది. నలుగురికి మించితే ఒకరు ఖాళీగా ఉంటారు. నలుగురికీ నాలుగు పనులుండాలి. ఒకరు ప్రశ్న చదవాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఒకరు లేచి చెప్పాలి. వారం వారం పనులు మారాలి. జవాబు అయ్యాక ఎవరు వివరించాలో చీటీ తీస్తాను. చీటీ ఎవరి పేరున వస్తుందో తెలియదు కాబట్టి తెలివైనవాడే పక్కవాడికి నేర్పి కూర్చోబెడతాడు, తన జట్టు పరువు కోసం. అన్నిటికన్నా ముఖ్యం లెక్క. ఒక్కడే చేసేయగలిగిన లెక్క ఇస్తే ఒక్కడే చేస్తాడు. 43 ఇంటూ 100 జట్టుకిచ్చే లెక్క కాదు. డబ్బా సంగతి తేల్చడానికే నలుగురు కావాలి.

ఇదంతా నాకు ఏ ట్రైనింగులోనూ రాలేదు. ఒక ట్రైనింగులో మాత్రం జట్టు పని మీద మూడు గంటలు స్లైడ్లు చూపించారు. మమ్మల్ని వరుసల్లో కూర్చోబెట్టి. మాట్లాడొద్దని కూడా చెప్పారు.

నా డిమాండ్లు ఇవి. డబ్బు ఖర్చయ్యేవి రెండే.

1. తనిఖీ ఫారంలో ఒక గడి చేర్చండి. తనిఖీకి వచ్చినవారు ఒక జట్టు పక్కన నేల మీద ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మీరే ఒక చిక్కు ఇవ్వండి, పిల్లలు ఏం చేశారో రాయండి. పిల్లలు పని చేస్తున్నప్పుడు వచ్చే చప్పుడును లోపంగా రాయకూడదని మండల అధికారులకూ, కాంప్లెక్స్ హెడ్‌మాస్టర్లకూ రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాట వద్దు. నోటిమాట ఎటు తిరుగుతుందో చూశాను.

2. మూడో తరగతి నుంచి వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి, మధ్యలో ఏ ఫోటో, ఏ అప్‌లోడూ అడగకుండా జట్టు పనికి వదలండి. ఆ సమయానికి పడే వర్క్‌బుక్ పేజీలు ఎన్నో లెక్కేసి, అన్ని పేజీలు తగ్గించండి. రెండూ చేయమంటే మళ్లీ దొంగ లెక్కలే రాస్తాం.

3. ప్రాజెక్టు పని బడిలో, బడి వేళల్లో, జట్టుగా జరగాలి. ఇంటికి పంపకూడదు, కొనుక్కొచ్చిన వస్తువుకు మార్కు వేయకూడదు. ఇది కుదరదంటే ఆ మార్కుల గడి కొట్టేయండి. లేని పనికి మార్కులు వేసి సంతకం పెట్టడం మాకు మానసికంగా భారంగా ఉంది.

4. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. ఆ రెండో పోస్టు ఇవ్వండి. అది వచ్చేదాకా ఏకోపాధ్యాయ బడులకు కార్డుల సెట్లు, వాటిని వాడటం తెలిసిన ఒక సీనియర్ టీచరును నెలకు రెండు రోజులు పంపండి.

5. బడికి ఒక కాటా, తూకం రాళ్లు, ఒక కొలత టేపు, తాళ్లు, నాలుగు చాపలు. ఇవి కొనడానికి టెండర్లు అక్కర్లేదు. డబ్బులు బడికి ఇస్తే సంతలో మేమే కొనుక్కుంటాం.

6. ట్రైనింగు హాల్లో వద్దు. ఎక్కడో ఒక బడిలో, నిజమైన పిల్లల ముందు, ఒక టీచరు జట్టు పని చేయిస్తుంటే మిగతావాళ్లం చూడాలి. అది చెడితే ఎందుకు చెడిందో మాట్లాడుకోవాలి. కాంప్లెక్స్ సమావేశాల్లో సగం సమయం దీనికి చాలు. సర్క్యులర్లు చదివి వినిపించడానికి వాట్సాప్ గ్రూపు ఉందిగా.

7. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో టీచరు నిర్ణయిస్తే, దాని మీద ఊళ్లో ఒత్తిడి వచ్చినప్పుడు మీరు టీచరు వైపు నిలబడండి. ఈ ఒక్క మాట ఉత్తర్వులో ఉన్నా చాలు, దాన్ని గోడకు అంటిస్తాను.

8. మూడు అర్జీలకూ జవాబు రాతలో ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాయండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ప్రైవేటు బడి నిశ్శబ్దంగా ఉంటుందని మీరు పిల్లల్ని అక్కడికి మారుస్తున్నారు. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు నోటు పుస్తకంలో ఎన్ని టిక్కులున్నాయో చూడటం అయ్యాక, ‘ఈ వారం మీ జట్టు ఏం చేసిందిరా?’ అని అడగండి. పిల్లాడు ఎంతసేపు చెబుతాడో చూడండి.

వరుసలు వేయమన్న మాట ఇంకా నా మీద అమల్లోనే ఉంది, కాబట్టి ప్రస్తుతానికి వరుసలే. కిటికీ ఊచకున్న తాడు మాత్రం నేను విప్పలేదు. పిల్లలు రోజూ దాని వైపు చూసి, ‘మళ్లీ ఎప్పుడు టీచర్?’ అని అడుగుతున్నారు. వచ్చే కాంప్లెక్స్ సమావేశంలోగా మీ జవాబు వస్తే వాళ్లకు ఒక తేదీ చెప్పగలుగుతాను.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు